గురువు గారికీ ఒక గురువు

సింధనూరు క్యాంపుల్లో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. లిపులు దగ్గరివే కనుక తలకట్టు తేడా పట్టుబడగానే గడగడా చదివేస్తారు. ఉపాధ్యాయుడిగా నేను దాన్నే చదువనుకున్నాను. ఒకరోజు క్లస్టర్ రిసోర్స్ పర్సన్, అంటే మన సి.ఆర్.పి. గారు, తరగతిలో వెనుక కూర్చుని విన్నారు. తరువాత పాఠంలోని "ఊట" అంటే ఏమిటని ఒక పిల్లవాణ్ణి అడిగారు. నీటి ఊట అన్నాడు! కన్నడంలో అది భోజనం. నాకు చిన్నతనంగా తోచింది. ఆయన తప్పుపట్టలేదు. మన పాలు, పులి, పువ్వు అక్కడ హాలు, హులి, హూవు అవుతాయని బోర్డుపై జంటలుగా రాసి, కథను ముందు తెలుగులో చెప్పించారు. మరుసటి వారం నాచేత చేయించి చూశారు.

తల్లిదండ్రులు ఎస్.డి.ఎం.సి. సభల్లో గదులు, గోడల సంగతి అడుగుతారు. సి.ఆర్.పి. గారు ఈ నెల ఏ తరగతిలో కూర్చున్నారో కూడా అడగండి. పట్టికలు నింపించుకుని వెళితే చాలదు.