మీ ఇల్లు ఎంత ఎత్తున ఉంది? దేని కంటే?



ఈ నెల ఎనిమిదో తరగతి సోషల్‌లో కాంటూరు గీతలు చెబుతున్నాం. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ మ్యాప్ మీద గీసే వంకర గీతలవి. "ఎగ్జామ్‌లో ఎన్ని మార్కులకు వస్తుంది?" అనే ప్రశ్న మాకు కొత్త కాదు. రెండు మార్కులకే రావచ్చు. కానీ ఆ గీతల సంగతి తెలిస్తే, మీరు కొనబోయే ఫ్లాట్ సెల్లార్‌లోకి నీళ్లు వచ్చే అవకాశం ఉందో లేదో కొంతవరకు ముందే చూసుకోవచ్చు. నిజానికి కాంటూరు అనే మాట మీకు కొత్తది కాదు. కొల్లేరు గురించి పేపర్లో రాసే "ఐదో కాంటూరు" అదే. చెరువుల దగ్గర వినిపించే ఎఫ్‌టీఎల్ హద్దు కూడా ఒక రకంగా కాంటూరు గీతే: చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించే గీత.

రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. విజయవాడ జంక్షన్ దాదాపు 19 మీటర్లు. సికింద్రాబాద్ 500 మీటర్ల పైమాటే. మరి ఎత్తున ఉన్న ఊరికి వరద భయం లేనట్టేనా? 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌లో వేల మందిని బలి తీసుకుంది. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబర్‌లో అదే నగరంలో ఎన్నో కాలనీలు మళ్లీ మునిగాయి. సముద్రం కంటే 500 మీటర్లు ఎత్తున ఉండటం వాళ్లకు అక్కరకు రాలేదు. పక్కనున్న వాగు, నాలా లేదా చెరువు కంటే మన గడప ఎంత ఎత్తున ఉందన్నదే అసలు లెక్క.

ఈ లెక్కను కంప్యూటర్ ఎలా చేస్తుందో మీ పిల్లలతో కూర్చుని కాగితం మీద చేసి చూడండి. పదహారు గడులు గీసి, ఈ అంకెలు వేయండి. ఒక్కో అంకె ఆ చోట నేల ఎత్తు, మీటర్లలో.

24 23 22 23
23 21 20 22
22 20 18 19
21 19 17 18

ఏదో ఒక గడిలో వాన చినుకు పడిందనుకోండి. చుట్టూ ఉన్న గడుల్లో (మూలగా ఉన్నవాటితో కలిపి) అన్నిటికంటే తక్కువ అంకె ఉన్న దాంట్లోకి అది జారుతుంది. పైన ఎడమ మూల 24లో పడితే 21కి, అక్కడి నుంచి 18కి, చివరికి 17కి. ఇంకో గడి నుంచి మొదలుపెట్టండి. అదీ 17కే చేరుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా అంతే. ఇక్కడ వాగు ఉందని మనం ఎక్కడా రాయలేదు, అంకెలే దాన్ని చూపించాయి.

ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు అనుకుందాం. పదహారు గడులూ కలిపి 14,400 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే 14 లక్షల 40 వేల లీటర్లు. వేసవిలో మనం డబ్బులిచ్చి తెప్పించుకునే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 144. నేలలో కొంత ఇంకుతుంది, నిజమే. కానీ అంతా సిమెంటు చేసిన కాలనీలో ఇంకేది చాలా తక్కువ. మిగతా నీళ్లన్నీ ఆ ఒక్క 17 గడి మీదుగానే పోవాలి.

ఇప్పుడు ఆ గడిలో నీటి మట్టం 20 మీటర్లకు పెరిగిందనుకోండి. 20 కంటే తక్కువ అంకె ఉన్న ఐదు గడులు మునుగుతాయి. 19 అని రాసిన చోట లోతు ఒక మీటరు, అంటే ఒకటో తరగతి పాపకు గడ్డం దాకా. ఏ గడికి రంగు వేయాలో పిల్లలనే చెప్పనివ్వండి. వరద ముంపు మ్యాప్ అంటే ప్రాథమికంగా ఇదే.

ఇన్ని అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి, రాడార్‌తో భూమి మీద చాలా భాగాన్ని కొలిచింది. మన ఇస్రో 2005లో పంపిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు ఉండేవి. మన రెండు కళ్లు దూరాన్ని పసిగట్టినట్టే, అవి రెండు కోణాల్లో తీసిన ఫొటోల నుంచి నేల ఎత్తును లెక్కగట్టారు. ఆ డేటాను హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ పోర్టల్‌లో ఉచితంగా ఇస్తోంది.

ఉచితంగా దొరికే డేటాకు ఉన్న పరిమితులు కూడా పిల్లలకు తెలియాలి. పైనుంచి చూసే రాడార్‌కు నేల కంటే ముందు చెట్ల కొమ్మలు, మేడల కప్పులు తగులుతాయి. అందువల్ల కొన్ని మీటర్ల తేడా మామూలు. కొండ ప్రాంతంలో అది పెద్ద విషయం కాదు. డెల్టాలో కిలోమీటరు నడిచినా నేల ఒక మీటరు దిగదు, అక్కడ మూడు మీటర్ల తేడా అంటే మొత్తం లెక్కే తారుమారు. పైగా 30 మీటర్ల గడిలో ఐదారు మీటర్ల వెడల్పున్న కట్ట విడిగా కనిపించదు, పక్క పొలంతో కలిసి సగటైపోతుంది. రైలు కట్ట కింద ఉన్న తూమూ అంతే. నీళ్లు దాని గుండా పోతాయని కంప్యూటర్‌కు తెలియదు, ఎవరో ఒకరు వెళ్లి చూసి చెప్పాలి. "మీ ఏరియా సేఫ్" అని ఆకుపచ్చ రంగు చూపించే యాప్‌లను నేను పెద్దగా నమ్మనిది ఇందుకే.

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో జరిగింది గుర్తు చేసుకోండి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరుకు సింగ్ నగర్ వైపు కాలనీలు పల్లంలో ఉన్నాయి. ఇది ఎత్తుల మ్యాప్ చెప్పగలదు. కానీ బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే కాలువ కట్టకు గండ్లు పడతాయని అది చెప్పలేదు. కృష్ణ కూడా అప్పుడు నిండుగా ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు, బ్యారేజీ చరిత్రలోనే అది ఎక్కువ. నది అంత నిండుగా ఉంటే కాలువ నీరు అందులో కలవడం కష్టం, వెనక్కి ఎగదన్నుతుంది. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు తడిసి పాడైన ఇళ్లు లెక్కలేనన్ని. అందుకే నేల ఎత్తు ఒక్కటే చాలదు. దానికి తోడు పైన ఎంత వాన పడింది, నది ఎంత నిండింది, కట్టలు ఎలా ఉన్నాయి అన్నవీ తెలియాలి.

ముందస్తు హెచ్చరిక ఎలా పనిచేస్తుందో భద్రాచలం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఏ అంకెకు ఏ వీధిలోకి నీళ్లు వస్తాయో అక్కడి పెద్దవాళ్లకు నోటికి వచ్చు. నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చిన కుటుంబానికి అది తెలియదు. వాళ్లకు కూడా వీధి పేరుతో సహా చెప్పాలంటే, నది మట్టాన్ని మన గడుల లెక్కతో కలపాలి. పైనుంచి నీరు రావడానికి పట్టే గంటలే మనకు దొరికే సమయం.

మీ ఇంటికి సంబంధించి ఒక చిన్న పని. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి, మీ ఇంటి మీద బాణం గుర్తు పెడితే కింద ఆ చోటు ఎత్తు కనిపిస్తుంది. రాసుకోండి. తర్వాత దగ్గర్లోని నాలా లేదా చెరువు మీద పెట్టి అదీ రాసుకోండి. తేడా పది మీటర్లు దాటితే ఆ వాగు నుంచి మీకు ప్రమాదం తక్కువ. మూడు మీటర్ల లోపైతే ఆ అంకెను నమ్ముకోకండి, పాత ఇళ్ల గోడల మీద నీటి మరకలు చూడండి, వీధిలో అందరికంటే పెద్దవాళ్లను అడగండి. నాలా దగ్గరకు పిల్లలను ఒంటరిగా మాత్రం పంపకండి. మీ ఇల్లు పల్లంలో ఉందని తేలితే పిల్లల సర్టిఫికెట్లను వానాకాలం ముందే కింది బీరువాలోంచి తీసి పై అరలో పెట్టండి.

ఇంకో సాయం కూడా కావాలి. మీ బస్ స్టాప్ నుంచి స్కూల్ దాకా ఉన్న దారిలో వాన పడితే నీళ్లు నిలిచే అండర్‌పాస్, లో లెవెల్ వంతెన, మలుపు ఏవైనా ఉంటే పిల్లల డైరీలో రాసి పంపండి. ఎనిమిదో తరగతి పిల్లలు వాటిని బస్ రూట్ల మ్యాప్ మీద గుర్తిస్తారు. ఆ మ్యాప్ కాపీ ఒకటి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్‌కు ఇస్తాం.