ఊరికే తిప్పేవాళ్లు ఉంటారా?

ప్రశ్న: మాది తెలకపల్లి. డిగ్రీ అయ్యాక నాగర్‌కర్నూల్‌లో ఓ ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. యాత్రా రచనలంటే ప్రాణం. నావి ఒకటి రెండు ఆదివారం అనుబంధాల్లో వచ్చాయి. తిరగడానికి మాత్రం జీతం చాలదు. హోటళ్లు, పర్యాటక సంస్థలు సొంత ఖర్చుతో రచయితలను తీసుకెళ్తాయని విన్నాను. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి గోవాకు స్పాన్సర్ ట్రిప్ ఇప్పిస్తానన్నాడు. ముందు పదివేలు డిపాజిట్ కట్టాలట, రిసార్టు గురించి మంచిగానే రాయాలట. మా నాయిన "ఊరికే తిప్పేటోళ్లు ఎవరుంటరు బిడ్డా" అంటున్నాడు. కట్టమంటారా? కొత్తవాళ్లకు ఇలాంటి అవకాశాలు ఎలా వస్తాయి?

- ఓ పాఠకురాలు, తెలకపల్లి

సలహా: కట్టొద్దు తల్లీ. నిజంగా పిలిచేవాళ్లు మన దగ్గర డబ్బు తీసుకోరు. మీ నాయిన మాట నిజం, ఎవరూ ఊరికే తిప్పరు. గదికీ భోజనానికీ బదులుగా వాళ్లు చూసేది నీ పాఠకులనే. ముందు వాళ్లను సంపాదించుకో.

అందుకు గోవా దాకా పోనక్కర్లేదు. 2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన సోమశిల మీ జిల్లాలోనే ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా తరలించి కట్టిన గుళ్లు అక్కడా, జటప్రోలులోనూ ఉన్నాయి. నల్లమలలో మల్లెలతీర్థం, ఉమామహేశ్వరం, చైత్ర పౌర్ణమికి కొద్దిరోజులే దారి తెరిచే సలేశ్వరం ఉన్నాయి. ఆఖరి బస్సు ఎన్నింటికి, ఆడపిల్ల ఒంటరిగా వెళ్తే బస ఎక్కడ, అటవీ శాఖ అనుమతి ఎలా తీసుకోవాలి? పాఠకుడికి కావలసినవి ఇవే. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారిలోని ఊళ్లు, బసలు, నీటి వసతి గురించి మిత్రుడికి జాబులు రాశారు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆ వివరాల కోసమే నేటికీ చదువుతున్నాం.

మీ ప్రాంతం మీద వరసగా కొన్ని వ్యాసాలు వచ్చాక అడగడం మొదలుపెట్టు. పెద్ద రిసార్టుల కంటే ముందు జిల్లా పర్యాటక అధికారినీ, దగ్గర్లోని చిన్న బసలవాళ్లనూ అడుగు. నువ్వెవరివి, ఏం రాస్తావు, ఎక్కడ అచ్చవుతుంది, ఎప్పటికి ఇస్తావు అన్నవి ఒక్క పేజీలో చెప్పు. అచ్చయిన వ్యాసాలు జతచెయ్యి. ఏదైనా పత్రిక సంపాదకుడు ముందే సరే అని ఉంటే నీ మాటకు బలం.

వాళ్లు ఒప్పుకుంటే ఏ ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకో. "మంచిగానే రాయాలి" అనే షరతుకు మాత్రం తలూపకు. ఎవరి ఖర్చుతో వెళ్లావో వ్యాసంలోనే చెప్పు. సోషల్ మీడియాలో ప్రచారం చేసేవాళ్లు ఉచిత ప్రయాణాలు, హోటల్ బసల సంగతి స్పష్టంగా వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలే ఇచ్చింది. నిన్ను నమ్మి పిల్లాపాపలతో బయల్దేరే కుటుంబానికి ఆ నిజం తెలియాలి.

బడి ఉద్యోగం వదలకు. సెలవుల్లో తిరుగు. డిపాజిట్‌కు అనుకున్న డబ్బులోంచి బస్సు చార్జీ తీసి, ఈ ఆదివారమే సోమశిల వెళ్లు.