నలుపు మీద చెయ్యి పడనివ్వకు

చిరంజీవి అమ్మాయికి,

మీ మ్యూజియంలో బిద్రీ సామాన్ల గది నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. నువ్వు పంపిన జాబితా చూశాను. స్టోరులో ఉన్నవన్నీ పెట్టెయ్యాలని ఉంటుంది నీకు. పెట్టకు. ఉన్న చోటుకి ఎనిమిదో పదో చాలు. పాన్‌దాన్లే వరసగా ఆరుంటే చూసేవాళ్లు ఒక్కదాని దగ్గరా ఆగరు.

హుక్కా కుండీలతో మొదలుపెట్టు. 17వ శతాబ్దంలో అవి బంతిలా గుండ్రంగా ఉండేవి, కుదురు లేకపోతే నిలబడవు. తర్వాతి కాలంలో అడుగు చదునై, గంట ఆకారం వచ్చింది. రెండూ పక్కపక్కన పెడితే ఆ మార్పు కంటికే తెలుస్తుంది. ఇవి తివాచీ మీద కూర్చున్నవాళ్ల సామాన్లు, పైనుంచి చూసేవి. ఛాతీ ఎత్తు బల్ల మీద పెడితే కుండీ భుజాల మీది పూలు కనపడకుండా పోతాయి. మోకాలెత్తు పీఠం వేయించు, పిల్లలకీ కనిపిస్తాయి. మీర్‌ఫర్ష్‌లు నాలుగూ ఉన్నాయి కదా, ఒక తెల్లటి దుప్పటి పరిచి నాలుగు మూలలా పెట్టు. పరిచిన గుడ్డ ఎగిరిపోకుండా పెట్టే బరువులని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక బిద్రీ నలుపు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. మైలుతుత్తం నీళ్లతో పైపైన నల్లబరిచి, దాని మీద నగిషీ గీసి, ఉలితో చెక్కి, వెండి తీగో రేకో పొదుగుతారు. నున్నగా రుద్దేసరికి ఆ నలుపు పోయి వెండీ లోహమూ ఒకే తెలుపులో కలిసిపోతాయి, నగిషీ సరిగ్గా కనపడదు. అప్పుడు వస్తువును వెచ్చచేసి, బీదర్ కోట మట్టిలో నవాసాగరం కలిపిన ముద్ద పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి చెక్కుచెదరదు. ఈ మలుపును జనం చూడాలి. బీదర్‌లో ఈ పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకే రకం చిన్న డబ్బాను నాలుగు దశల్లో చేయించి తెచ్చి, తాకి చూడ్డానికి బయట పెట్టు. ఖర్చుకి వెనకాడకు.

ఆ నలుపు లోపలిదాకా ఉండదు, పై పొర మాత్రమే. ప్రారంభోత్సవానికి పెద్దలొస్తున్నారు, మెరిసేలా తోమించమని ఎవరో ఒకరు అంటారు. గట్టిగా వద్దని చెప్పు. పాలిష్‌తో ఆ పొర పోతే ఆ పనివాడి చేతిపని మళ్లీ రాదు. ఉన్ని గుడ్డా రబ్బరూ దగ్గరికి రానివ్వకు, వెండి మసకబారుతుంది. వాసనొచ్చే కొత్త ప్లైవుడ్ అల్మారా అసలొద్దు, దాని ఆమ్లం తుత్తునాగాన్ని తింటుంది. అడుగున రంగు వెయ్యని, ఉతికిన నూలు గుడ్డ పరుచు.

చీటీలు రాసేముందు పాతబస్తీ పెద్దవాళ్లతో మాట్లాడు. పెళ్లిసారెలో బిద్రీ ఇచ్చిన ఇళ్లు వాళ్లవి. ఏ డబ్బాలో ఏం దాచేవారో వాళ్లే చెప్పాలి. తెలుగుతోపాటు ఉర్దూలోనూ రాయించు. చేసినవాడి పేరు తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదలకు, 'పనివాడి పేరు దొరకలేదు' అని రాయి. అతనికి ఆపాటి గౌరవం దక్కాలి.

వీలు చూసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాన్లు చూసిరా, వాటి మీద వెలుగు ఎటునుంచి పడుతోందో గమనించు. దీపం వెలుగు ఎదురుగా పడితే నలుపు మీద మెరుపు తప్ప నగిషీ కనిపించదు, పక్కనుంచి వాలుగా పడాలి. మీ అల్మారాల కొలతలు పంపితే దీపాల సంగతి ఫోనులో మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
పెదనాన్న