ముక్తప్రకాశనము – దానలక్షణ విచారము

పరిశోధన వ్యాసములను మూల్యము గైకొనక, అడ్డులేక, ఎల్లరకును అంతర్జాలమున లభింపజేయు పద్ధతికి ‘ఓపెన్ యాక్సెస్’ అని పేరు. దీనిని ముక్తప్రకాశన మనవచ్చును. 2002 ఫిబ్రవరి నాటి బుడాపెస్ట్ ప్రకటనమున దీనికి నిర్వచన మేర్పడినది. పలువురు దీనిని విద్యాదానమని ప్రశంసించుచున్నారు. ఇది నిజముగా దానమేనా? అయినచో దాత విడుచుచున్న దేమి? అనునది ఇచ్చట విచార్యము.

తన స్వత్వమును నివర్తింపజేసికొని పరునికి స్వత్వమును కల్పించుట దానమని శాస్త్రకారులు చెప్పిన లక్షణము. హేమాద్రి ‘చతుర్వర్గచింతామణి’ దానఖండమున వివరించిన పుస్తకదానమున కిది చక్కగా పొసగును. ఇచ్చిన గ్రంథము దాతయొద్ద నుండదు గదా! ముక్తప్రకాశనమున నట్లు కాదు. వేయిమంది గ్రహించినను వ్యాసము కర్తయొద్దనే యుండును. కావున ఇది దానము కాదని పూర్వపక్షము.

దీనికి సమాధానము. ఇతరులను నివారించు అధికారము కూడ స్వత్వమున నొక భాగమే. ముక్తప్రకాశనమున నివర్తించునది అదియే. పఠించుటకును, ప్రతి చేసికొనుటకును పాఠకునికి అధికారము కలుగుచున్నది. ఆ మేరకు దానలక్షణము సిద్ధించును. రచన వికృతము కాకుండ కాపాడుకొనుట, తన పేరు యథోచితముగ ఉదాహరింపబడుట అను రెండును కర్తకు నిలువవలెనని పై ప్రకటనమే చెప్పుచున్నది. పాఠశుద్ధియు, కర్తృస్మరణమును మన సంప్రదాయమునకు క్రొత్తవి కావు.

అయితే తనది కానిదానిని దానము చేయరాదు. దీనిని నేను ఆలస్యముగ గ్రహించితిని. ఒక ప్రకాశకసంస్థ పంపిన ఒప్పందపత్రముపై చదువకయే సంతకము చేసితిని. సర్వాధికారములును వారికి సంక్రమించినవి. కొన్నేండ్లకు నా శిష్యులు ఆ వ్యాసమును మా కళాశాల సంచికలో పునర్ముద్రింప గోరిరి. అనుమతించుటకు నాకు అధికారము లేకపోయినది.

ఇక వ్యయమును గూర్చి. కొన్ని పత్రికలు కర్తయొద్దనే రుసుము గైకొనుచున్నవి. అది మన పండితులకు దుర్భరము. కాని అదియొక్కటే మార్గము కాదు. ఒప్పందము అనుమతించినచో కర్త తన ప్రతిని విద్యాసంస్థల భాండాగారములలో నుంచవచ్చును. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథములకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ‘శోధగంగ’ అట్టిది. సిద్ధాంతగ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పింపవలెనని 2009 నాటి యు.జి.సి. నిబంధనలు విధించినవి. 2025 జనవరి 1న మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకము ప్రభుత్వ విద్యాసంస్థలవారికి ఉపకారకమే. కాని అది చందా చెల్లించి కొన్న పఠనాధికారము. ఆ సంస్థలకు వెలుపలనున్న పండితునికి దాని ఫలము లేదు.

కావున అధ్యాపకులకు నా మనవి. సంతకమునకు ముందు ఒప్పందమును చదువుడు. ప్రకాశించుటకు అనుమతి మాత్రమిచ్చి, తక్కిన అధికారములను నిలుపుకొనుడు. మన కళాశాలా పత్రికల పూర్వసంచికలు బీరువాలలో శిథిలమగుచున్నవి. భారతచట్టము ననుసరించి గ్రంథస్వామ్యము కర్త మరణానంతరము 60 ఏండ్లుండును. కావున జీవించియున్న కర్తల, గతించినవారి వారసుల అనుమతులను ఇప్పుడే సేకరించి, ఆ సంచికలను అంతర్జాలమున నుంచుట మన కర్తవ్యము. ఆలస్యమైనచో అనుమతి నిచ్చువారెవరో తెలియుటయే కష్టమగును.