గ్యాలరీకీ సాధన కావాలి

కృష్ణా డెల్టా హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. స్కూళ్ల మధ్య జరిగే గ్రిగ్ పోటీలకు పిల్లల్ని తీసుకెళ్లడం, గ్రౌండులో సున్నంతో గీతలు గీయించడం, మెడలో ఈల వేసుకుని బంతి వెంట పరిగెత్తడం నా ఉద్యోగం. మా వైపు కబడ్డీకి, వాలీబాల్‌కి ఉన్నంత పట్టు ఫుట్‌బాల్‌కి లేదు. పెద్ద లీగులో ఆడే జట్టు విజయవాడకు లేదు. అయినా స్కూలు గోల్‌పోస్టుల పక్కన, ఊళ్లో ఫ్లడ్‌లైట్ల కింద, బందరు రోడ్డు ఇందిరాగాంధీ స్టేడియంలో, హైదరాబాద్ గచ్చిబౌలి గ్యాలరీలో ఆటతో పాటు జనాన్నీ గమనిస్తూ వచ్చాను. ఆటగాడు తెల్లవారకముందే లేచి సాధన చేస్తాడు. చూసేవాడికి మాత్రం ఎవరూ ఏమీ నేర్పరు. సొంత ఊళ్లో ఆట జరిగితే అక్కడి జనం కూడా ఆటలో భాగమే. అందుకని నాకు తెలిసింది కుర్రవాళ్ల కోసం రాస్తున్నాను.

1. ముందు ఆట నేర్చుకోండి, తర్వాత అరవండి

గోలు పడ్డప్పుడు అరవడం అందరికీ వచ్చు. గోలు పడకుండా ఆపిన బ్యాక్‌కి చప్పట్లు కొట్టాలంటే ఆట తెలియాలి. కబడ్డీలోనూ అంతే. కూతకెళ్లి పాయింటు తెచ్చినవాడి పేరు ఊరంతా మోగుతుంది. మూలన నిలబడి చీలమండ పట్టి వదలని కుర్రాణ్ని ఎవరూ పిలవరు. నా స్కూలు జట్లలో ముందుగా ఆట మానేసింది అలాంటి పిల్లలే.

ఫుట్‌బాల్ జట్టు కేరళ బ్లాస్టర్స్ గచ్చిబౌలికి వచ్చినప్పుడు పసుపు చొక్కాల్లో వాళ్ల అభిమానులను చూశాను. కార్నర్ దక్కినా, మంచి టాకిల్ పడినా, గోలీ బంతిని పిడికిలితో కొట్టి బయటికి పంపినా వాళ్ల గొంతు లేచేది. మైదానంలో ఎక్కడ కష్టం జరుగుతోందో వాళ్లకు కనిపిస్తుంది. ఆఫ్‌సైడ్ ఏమిటో, ఫ్రీకిక్‌కి గోడ ఎందుకు కడతారో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఆ సాయంత్రం ఖర్చుపెట్టి గ్యాలరీకి రండి.

2. వచ్చిన జట్టు మనింటికి వచ్చిన చుట్టం

గ్రిగ్ పోటీలప్పుడు పొరుగూరి పిల్లలు మా స్కూలు గదుల్లో బెంచీలు పక్కకు జరిపి పడుకునేవారు. వాళ్లకు అన్నం మా ఊరి ఇళ్లలోనే వండేవాళ్లు. పొద్దున పప్పు, ఆవకాయ వడ్డించిన చేతులే సాయంత్రం ఆ పిల్లల మీదకు కంకర రాయి విసిరితే ఆ అన్నానికి విలువ ఏముంటుంది?

ఎదుటి జట్టు బాగా ఆడితే చప్పట్లు కొట్టడం మన జట్టుకు ద్రోహం కాదు. 1999 జనవరి 31న చెన్నై చేపాక్‌లో పాకిస్థాన్ మనమీద 12 పరుగుల తేడాతో టెస్టు గెలిచింది. సచిన్ 136 కొట్టి కూడా గట్టెక్కించలేకపోయాడు. గుండె పగిలిన ఆ జనమే లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే పాకిస్థాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి వచ్చారు. ఆ మ్యాచ్ గురించి మాట్లాడేవాళ్లు నేటికీ గెలిచిన జట్టుతో సమానంగా చేపాక్ జనాన్ని తలుచుకుంటారు. ఓడిన రోజున ఒక ఊరికి అంతకన్నా గౌరవం ఉంటుందా?

3. కసితో అరిస్తే ఎదుటివాడికే బలం

1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ కథ మన తెలుగు పిల్లలందరికీ తెలియాలి. భారత జట్టు కోచ్ మన హైదరాబాద్‌వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ముందు వరుసలో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుబట్టారు. దాంతో జకార్తా జనం భారత్ మీద మండిపడ్డారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో స్టేడియం మొత్తం మనవాళ్లకు వ్యతిరేకంగా కేకలు వేసింది. లీగ్ దశలో 2-0తో మనల్ని ఓడించిన దక్షిణ కొరియాయే ఎదురుగా ఉంది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోలు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదైంది.

ఎదుటివాణ్ని తిట్టడానికి వాడిన గొంతు మనవాడికి అందదు. పైగా తిట్లు పడ్డ పదకొండుమంది పట్టుదలతో ఒక్కటవుతారు. మీ గొంతును మీ జట్టు కోసం దాచుకోండి. మనవాడి పేరు పెట్టి పిలవండి. అలసిపోయినవాడి చెవిన పడే తన పేరు అతన్ని ఇంకో పదడుగులు పరిగెత్తిస్తుంది. ఇది వందలసార్లు నా కళ్లతో చూశాను.

4. ఓడేటప్పుడే మీ అవసరం

2002 నవంబరులో వెస్టిండీస్ మన దేశంలో ఆడింది. ఏడు వన్డేల సిరీస్. జంషెడ్‌పూర్, నాగ్‌పూర్, రాజ్‌కోట్‌లలో వరుసగా మొదటి మూడు మ్యాచ్‌లలోనూ గ్యాలరీల నుంచి మైదానంలోకి సీసాలు పడ్డాయి. రాజ్‌కోట్‌లో ఆట మధ్యలోనే ఆగిపోయి డక్‌వర్త్ లూయిస్ లెక్కతో ఫలితం తేల్చారు. అక్కడ మనవాళ్లు ఒక వికెట్టుకే 200 పరుగులు కొట్టి గెలుపు బాటలో ఉన్నారు. గెలుస్తున్నా సీసాలు ఆగలేదంటే, ఆ విసరడానికి ఆటతో సంబంధం లేదన్నమాట.

సిరీస్ 3-3తో సమమయ్యాక చివరి మ్యాచ్ నవంబర్ 24న మన విజయవాడలో జరిగింది. మార్లన్ శామ్యూల్స్ అజేయంగా 108 కొట్టాడు. వాళ్లు 315 చేస్తే మనవాళ్లు 180కే ఆలౌట్. 135 పరుగుల ఓటమి, సిరీస్ కూడా పోయింది. నగరంలోకి పెద్ద మ్యాచ్ వచ్చిందని ఎన్నో ఆశలతో వచ్చిన జనానికి అది కఠినమైన రోజు. సగం వికెట్లు పడగానే లేచి వెళ్లిపోయినవాళ్లు నా చుట్టూ ఉన్నారు. చివరి బంతి దాకా కూర్చుని పోరాడుతున్న టెయిలెండర్‌కి చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు. ఆ రెండో రకంవాళ్లనే నేను అభిమానులంటాను.

గెలిచే జట్టుకు జనం లేకపోయినా గడుస్తుంది. రెండు గోల్స్ వెనకబడి, ఇంకా ఇరవై నిమిషాలు మిగిలి ఉన్న జట్టుకు మీరు కావాలి. అప్పుడు మీరు లేచి గేటు వైపు నడిస్తే మైదానంలోని కుర్రాడికి మీ వీపులు కనిపిస్తాయి. అతని కాళ్లు అక్కడే బరువెక్కుతాయి.

5. ఈల పట్టినవాడి మీద చెయ్యి వేయొద్దు

రిఫరీ అమ్ముడుపోయాడన్న మాట మన గ్యాలరీల్లో చాలా తేలిగ్గా వస్తుంది. ఆఫ్‌సైడ్ చూసే లైన్స్‌మన్ చివరి డిఫెండర్‌కి సరిగ్గా వరుసలో నిలబడి చూస్తాడు. మూలన ఎత్తులో కూర్చున్న మనకు ఆ వరుస కనిపించదు. కనిపించనిదాని మీద తీర్పు చెప్పకూడదు.

నాతో పాటు ఈల పట్టిన ఒక యువ టీచరు చుట్టూ ఒకసారి సెమీఫైనల్ అయ్యాక ఊరి జనం మూగి చొక్కా పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన మళ్లీ ఈల పట్టలేదు. మండలంలో ఉన్నదే నలుగురు రిఫరీలు. అలా ఒక్కొక్కరూ తప్పుకుంటే పిల్లలకు పోటీలు పెట్టేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు? అభ్యంతరం ఉంటే కెప్టెన్ చెప్పాలి, కోచ్ రాసివ్వాలి. దానికి పద్ధతి ఉంది. గ్యాలరీకి ఆ అధికారం లేదు.

6. కులాన్ని, పార్టీని, హీరోని గేటు బయటే వదలండి

ఇది మా జిల్లాల్లో చెప్పక తప్పని మాట. టోర్నమెంటు ఫ్లెక్సీ మీద ఆటగాళ్ల ఫొటోల కంటే నాయకుల ఫొటోలు, హీరోల ఫొటోలు పెద్దగా ఉంటున్నాయి. మ్యాచ్ మధ్యలో ఒక గుంపు తన హీరోకి జై కొడుతుంది, ఇంకో గుంపు పోటీగా తన హీరోకి జై కొడుతుంది. అంతలో ఎక్కడో ఒక కుర్రాడు నెలలపాటు చెమటోడ్చి నేర్చుకున్న కిక్ కొడతాడు, దాన్ని చూసినవాడు ఉండడు.

కులం ఇంకా బాధాకరం. కూతకెళ్లిన పిల్లవాడు ఏ పేట వాడో కనుక్కుని చప్పట్లు కొట్టే పెద్దమనుషులను చూశాను. ఒకే బరిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసు కట్టిన ఏడుగురు పిల్లలకు లేని తేడాను బయట నిలబడ్డ పెద్దలు నేర్పుతున్నారు. ఆ పిల్లలు మళ్లీ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకోలేరు. ఊరి జట్టుకు చప్పట్లు కొట్టేవాడికి ఊరంతా ఒకటే పేట కావాలి.

7. మౌనం కూడా అండే

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు గెలిచింది. విల్లు ఎక్కుపెట్టిన ఆ కొన్ని క్షణాల్లో ఆమెకు మన కేకలు అవసరం లేదు. ఫుట్‌బాల్‌లో మనవాడు పెనాల్టీ తీసుకునేటప్పుడూ అంతే. ఊపిరి పీల్చుకునే చోటు ఇవ్వండి. ఆట ముందు సంతాప సూచకంగా నిమిషం మౌనం పాటిస్తే ఫోన్లు కూడా జేబులో ఉండాలి.

8. ఆడపిల్ల భయం లేకుండా కూర్చోగలిగితేనే అది మంచి గ్యాలరీ

2016 నవంబరులో విజయవాడ దగ్గర మూలపాడులో భారత్, వెస్టిండీస్ మహిళల జట్లు మూడు వన్డేలు, మూడు టీ20లు ఆడాయి. మన ముంగిట్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆట అది. మన ఆడపిల్లలు అలాంటివి మరెన్నో చూడాలి. చూడాలంటే గ్యాలరీలో బూతులు ఉండకూడదు, తోపులాట ఉండకూడదు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. మరుగుదొడ్డి కట్టడం నిర్వాహకుల పని. నోరు అదుపులో పెట్టుకోవడం మన పని. మీ పక్కవాడు బూతు మొదలుపెడితే భుజం మీద చెయ్యి వేసి ఆపండి. పోలీసు చెప్పేదానికంటే పక్కసీటు మనిషి చెప్పేది త్వరగా వింటారు.

9. గుంపులో గేటు గుర్తుపెట్టుకోండి

1980 ఆగస్టు 16న కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గ్యాలరీలో గొడవ రేగి 16 మంది అభిమానులు చనిపోయారు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ జట్టు విజయోత్సవానికి వచ్చినవాళ్లలో 11 మంది మరణించారు. దేవుడి కోసం వచ్చినా, ఆట కోసం వచ్చినా ఇరుకు దారిలో గుంపు ఒక్కసారిగా కదిలితే జరిగేది ఇదే.

కాబట్టి కొన్ని పనులు అలవాటు చేసుకోండి. లోపలికి వెళ్లగానే బయటికి వెళ్లే దారి ఎక్కడుందో చూడండి. గేటు తెరవగానే ముందుకు తోయకండి. చిన్నపిల్లలను భుజాల మీదికి ఎత్తుకోండి. ఎవరైనా పడిపోతే అక్కడే ఆగి వెనకవాళ్లను చేతులెత్తి ఆపండి. మ్యాచ్ అయ్యాక పది నిమిషాలు కూర్చుని బయలుదేరండి. ఆ పది నిమిషాల్లో మీ చుట్టూ పడిన పల్లీల పొట్లాలు, నీళ్ల సీసాలు ఏరండి. ఖతర్‌లో 2022 ప్రపంచకప్‌లో జపాన్ అభిమానులు నీలం సంచులు పట్టుకుని గ్యాలరీ ఊడ్చి వెళ్లారు. మన ఊరి మైదానాన్ని మనం శుభ్రం చేసుకోలేమా?

10. చిన్న మ్యాచ్‌కి రండి

2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు చొక్కాలతో నిండిన స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తెలుగువాళ్ల జట్టు లీగు విజేతగా నిలిచింది. మూడేళ్లు తిరిగేసరికి ఆర్థిక కష్టాల్లో పడి 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. ఒక్క గ్యాలరీ ఆ కష్టాలను తీర్చలేదు, నిజమే. కానీ ప్రతి ఆటకూ నిండే గ్యాలరీ ఉన్న జట్టును వదులుకోవడానికి ఏ యజమానైనా రెండుసార్లు ఆలోచిస్తాడు.

1965-66లో ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్‌లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. మళ్లీ అలాంటి జట్టు రావాలంటే అది స్కూలు గ్రౌండు నుంచే రావాలి. అందుకని పెద్ద మ్యాచ్ కోసం ఎదురుచూడకండి. మీ ఊళ్లో ఈ ఆదివారం జరిగే అండర్-14 ఆటకు వెళ్లండి. టికెట్టు పెడితే కొనుక్కోండి, లేకపోతే బంతి కోసం చందా ఇవ్వండి. రెండు జట్ల పిల్లల పేర్లు తెలుసుకోండి. ఓడినవాళ్లు బయటికి వస్తుంటే దారి ఇచ్చి, లేచి నిలబడి చప్పట్లు కొట్టండి. ఆ పిల్లలు మరుసటి రోజు కూడా గ్రౌండుకు వస్తారు.