పావు చుట్టు తిప్పి చూడు



లంబరేఖ వాలు కోసం 'తిరగెయ్యి, గుర్తు మార్చు' అని బట్టీ పట్టానని రాశావు. సూత్రం సరైనదే తల్లీ. కానీ అది ఎలా పుట్టిందో తెలియకపోతే పరీక్ష హాల్లో సగమే గుర్తొస్తుంది. వాలు 2/3 అని ఇస్తే ఒకరు -2/3 అనీ, ఇంకొకరు 3/2 అనీ రాసి వస్తారు. అందుకే ముందు గ్రాఫు కాగితం తియ్యి. మూలబిందువు నుంచి కుడికి 3 గళ్లు, అక్కణ్నుంచి పైకి 2 గళ్లు లెక్కపెట్టి చుక్క పెట్టు. దాన్ని మూలబిందువుతో కలిపితే ఆ గీత వాలు 2/3. ఇప్పుడు ఆ గీతను గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పు. కుడికి నడిచిన 3 గళ్లు పైకి లేస్తాయి, పైకెక్కిన 2 గళ్లు ఎడమకు ఒరుగుతాయి. చుక్క (-2, 3) దగ్గరకు చేరుతుంది, వాలు -3/2 అవుతుంది. అడ్డం నిలువైంది, నిలువు అడ్డమైంది కాబట్టి భిన్నం తిరగబడింది. ఒకటి ఎడమకు పోయింది కాబట్టి గుర్తు మారింది. రెండూ ఒకే తిప్పులో జరిగాయి. ఇది కళ్లారా చూశాక ఒకటి చేసి రెండోది వదిలెయ్యడం ఎవరికైనా కష్టమే.

ఒక్క బొమ్మ చూసి అన్ని రేఖలకూ ఎలా నమ్మాలని అడుగుతావు, అడగాలి కూడా. మూలబిందువు గుండా వెళ్లే రెండు రేఖల వాలులు ఎమ్, ఎన్ అనుకో. వాటి మీద (1, ఎమ్), (1, ఎన్) బిందువులు ఉంటాయి. మూలబిందువు నుంచి వాటి దూరాల వర్గాలు 1 + ఎమ్², 1 + ఎన్². ఆ రెండు బిందువుల మధ్య దూరం వర్గం (ఎమ్ − ఎన్)². రేఖలు లంబంగా ఉంటే పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం మొదటి రెండూ కలిపితే మూడోది రావాలి. విస్తరించు: వర్గాలన్నీ కొట్టుకుపోయి 2 = -2 × ఎమ్ × ఎన్ మిగులుతుంది. అంటే వాలుల లబ్ధం -1. ఆ సిద్ధాంత విపర్యయమూ నిజమే కనుక, లబ్ధం -1 అయితే ఆ రేఖలు లంబాలే.

ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఇదంతా చేస్తూ కూర్చుంటే ఎలా అంటావేమో. అక్కడ సూత్రమే వాడు, నేను వద్దనను. అయితే వై = 4 అనే రేఖ ఇచ్చారనుకో. వాలు 0. సున్నాను తిరగెయ్యలేం, బట్టీ అక్కడే ఆగిపోతుంది. తిప్పడం తెలిసినవాళ్లు మాత్రం లంబరేఖ నిట్టనిలువుగా ఉంటుందని, దానికి వాలు నిర్వచించలేమని వెంటనే చెప్తారు. సమీకరణంతో పోతే ఈ చిక్కే రాదు. 2ఎక్స్ − 3వై + 6 = 0 కి లంబరేఖ కావాలంటే ఎక్స్, వై గుణకాలను తారుమారు చేసి ఒకదాని గుర్తు మార్చు: 3ఎక్స్ + 2వై + స్థిరాంకం = 0. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి ఇదే, నిలువు రేఖలకూ పనిచేస్తుంది.

ఒక జాగ్రత్త. గ్రాఫు గీసేటప్పుడు రెండు అక్షాలకూ ఒకే స్కేలు తీసుకో. ఎక్స్ అక్షం మీద సెంటీమీటరుకు 1 యూనిట్, వై అక్షం మీద 10 యూనిట్లు పెడితే, ఇందాకటి 2/3, -3/2 వాలుల రేఖల మధ్య కోణమానిని 90 డిగ్రీలు చూపించదు. అప్పుడు లెక్కను అనుమానించకు, స్కేలు చూసుకో.

మామయ్య