సొంతంగా చదివి కంపారిటివ్ గవర్నమెంట్ రాయొచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి స్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) యూఎస్ గవర్నమెంట్ చదువుతోంది. కంపారిటివ్ గవర్నమెంట్ కూడా సొంతంగా చదివి రాస్తానంటోంది. వీలవుతుందా?

జవాబు: నిక్షేపంగా రాయొచ్చు. క్లాసులో చేరకపోయినా పరీక్ష రాయనిస్తారు. స్కూల్లో ఏపీ కోఆర్డినేటర్‌ను సెప్టెంబరులోనే కలవండి, నమోదు గడువు నవంబరులోనే ముగుస్తుంది.

సిలబస్‌లో ఉన్నవి ఆరు దేశాలే: బ్రిటన్, రష్యా, చైనా, ఇరాన్, మెక్సికో, నైజీరియా. అలాగని ఒక్కో దేశాన్నీ విడివిడిగా బట్టీ పట్టనివ్వకండి. ఒక అంశం తీసుకుని దేశాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఉదాహరణకు అధ్యక్ష ఎన్నికనే తీసుకోండి. ఇరాన్‌లో అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ప్రజలే, కానీ అభ్యర్థులను ముందే వడపోసేది గార్డియన్ కౌన్సిల్. మెక్సికోలో ఒకసారి అధ్యక్షుడైనవారు మళ్లీ పోటీ చేయకూడదు. ఆ తేడా వల్ల అధికారం ఎవరి చేతిలో ఉంటుందో రాయగలిగితేనే మార్కులు. ఈ పరీక్షలు నిర్వహించే కాలేజీ బోర్డు వెబ్‌సైట్‌లో పాత వ్యాసరూప ప్రశ్నలు ఉచితంగా దొరుకుతాయి. పరీక్షలో లాగే నాలుగింటిని గంటన్నరలో రాయడం ఇప్పటినుంచే అలవాటు చేయించండి.